ఇంటర్ రెండో సంవత్సరంలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయాలా? మా చెల్లి విషయంలో సలహా కావాలి

ప్రశ్న: నాంపల్లి అన్న

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలోని ఒక పల్లె. నాన్న మూడెకరాల్లో పత్తి వేస్తారు, అమ్మ కూలికి వెళ్తుంది. నేను ఇంటర్‌తోనే చదువు ఆపేసి మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తున్నాను. మా చెల్లి నల్లగొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. బాగా చదువుతుంది, ఇంజనీరింగ్ చేయాలని పట్టుదలగా ఉంది. మేము బీసీ-డి.

ఇంట్లో ఎవరూ ఇంటర్ దాటి చదవలేదు కాబట్టి, ప్రభుత్వమే కళాశాల ఫీజు చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్, ఈ స్కాలర్‌షిప్పుల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు ఇప్పుడే పెట్టాలా, సీటు వచ్చాక పెట్టాలా అన్నది నా మొదటి సందేహం. చెల్లి పదో తరగతి చదివేటప్పుడు తీసిన ఆదాయ ధ్రువపత్రం ఒకటి ఉంది, అది పనికి వస్తుందా? పదో తరగతి మెమోలో చెల్లి పేరుకు ముందు ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మాత్రం పొడి అక్షరమే ఉంది. దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తుందా? ఇక మా బంధువు ఒకాయన, ర్యాంకు రాకపోయినా పర్వాలేదు, మేనేజ్‌మెంట్ సీటులో చేర్పించండి, స్కాలర్‌షిప్ ఎలాగూ వస్తుందని గట్టిగా చెబుతున్నారు. ఆ మాట నమ్మి అప్పు చేయడానికి నాన్న సిద్ధపడుతున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పాలమూరు సెక్షన్

తమ్ముడూ, ముందుగా మీ నాన్నగారిని ఆ అప్పు చేయకుండా ఆపండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన వారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లను నేరుగా నింపే స్పాట్ అడ్మిషన్‌లో చేరిన వారికి కూడా రాదు. ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో సీటు పొందినవారికే అది వర్తిస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లుగా స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్తున్నాను. ఈ ఒక్క విషయం ముందుగా తెలియక, చేరిన తర్వాత కౌంటర్ ముందు నిలబడి తెల్లబోయిన తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు ఎంతో బాధ కలుగుతుంది. సీటు ఇప్పిస్తామని ఊళ్లలో తిరిగేవారు ఈ తేడాను చెప్పరు.

ఇక మీ మొదటి సందేహం. స్కాలర్‌షిప్పుల కోసం ప్రభుత్వం నడిపే తెలంగాణ ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేసేది కళాశాలలో చేరిన తర్వాతే కాబట్టి, ఇంజనీరింగ్ ఫీజు కోసం ఈరోజు మీరు నింపవలసిన ఫారమ్ ఏదీ లేదు. అయితే ఆ ఫారమ్ నింపే నాటికి మీ చెల్లికి అర్హత ఉందా లేదా అన్నది చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన జరిగేటప్పుడే ఆదాయ ధ్రువపత్రం చూస్తారు, దాన్ని బట్టే రీయింబర్స్‌మెంట్ అర్హతను నమోదు చేస్తారు. డిగ్రీకైతే దోస్త్‌లో (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడే కులం, ఆదాయం వివరాలు ఇవ్వాలి. అందువల్ల అసలు పని ఇప్పటి నుంచి కౌన్సెలింగ్ దాకా ఉన్న ఈ నెలల్లోనే ఉంది.

ఆదాయ పరిమితి బీసీలకు గ్రామాల్లో ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. మీ దగ్గర ఉన్న పాత ఆదాయ ధ్రువపత్రం చెల్లదు. ఫలానా తేదీ తర్వాత జారీ చేసినదే తేవాలని ఆ సంవత్సరపు కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో రాస్తారు కాబట్టి, కొత్త సంవత్సరం మొదలయ్యాక ఒకటి తీసుకుని, నోటిఫికేషన్ రాగానే ఆ తేదీతో సరిచూసుకోండి. ఫలితాలు వచ్చిన వారంలో తహసీల్దార్ కార్యాలయాల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మీకు తెలియనిది కాదు.

చేరిన తర్వాత జరిగేది కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయగానే పని అయిపోయిందని అనుకుంటారు. దరఖాస్తు నింపాక మీసేవలో వేలిముద్ర వేయాలి. ఆ తర్వాత దరఖాస్తు ప్రతిని, జిరాక్సులను కళాశాలలో ఇవ్వాలి. మేము వాటిని సరిచూసి ఆన్‌లైన్‌లో జిల్లా సంక్షేమ శాఖ అధికారికి పంపిన తర్వాతే అక్కడ మంజూరు మొదలవుతుంది. కళాశాలలో కాగితాలు ఇవ్వని పిల్లల దరఖాస్తులు మా లాగిన్‌లో అలాగే నిలిచిపోయి ఉంటాయి. హాజరు 75 శాతం ఉండాలి. మరుసటి ఏడాది నుంచి ప్రతి సంవత్సరం రెన్యువల్ చేయాలి. గడువు ఎలాగూ పొడిగిస్తారన్న ధీమాతో ఉండవద్దు.

జవాబు: నారాయణపేట అమ్మాయి

అన్నా, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మేమూ బీసీలమే. పైన సార్ చెప్పినదానికి ర్యాంకు సంగతి జోడించాలని రాస్తున్నాను. మన కుటుంబాలకు అసలు భారం అక్కడే పడుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో సంబంధం లేకుండా కళాశాల ఫీజు మొత్తం వస్తుంది. బీసీలకు మాత్రం ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తేనే మొత్తం ఫీజు వస్తుంది. ర్యాంకు అంతకు మించితే ఏడాదికి 35,000 రూపాయల వరకే ప్రభుత్వం చెల్లిస్తుంది, మిగిలినది మనమే కట్టుకోవాలి. ఉదాహరణకు కళాశాల ఫీజు 90,000 రూపాయలు అయితే, ఏటా 55,000 రూపాయలు, నాలుగేళ్లకు 2,20,000 రూపాయలు ఇంటి నుంచి కట్టాలి. దీనికి హాస్టల్, బస్సు ఖర్చులు అదనం. అందుకని వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌లో కావలసిన కళాశాలల ఎంపిక) పెట్టేటప్పుడు కళాశాల పేరుతో పాటు దాని ఫీజును కూడా పక్కన రాసుకుని, ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. నల్లగొండలోనే మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి సొంత ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇంటికి దగ్గర కాబట్టి దాన్ని కూడా ఆప్షన్లలో చూడండి.

అమ్మాయిలకు మరో దారి ఉంది, దీని గురించి మన పల్లెల్లో చాలా తక్కువమందికి తెలుసు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ కింద, ఆ సంస్థ అనుమతి ఉన్న కళాశాలలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8,00,000 రూపాయలు మించకూడదు, ఒక కుటుంబం నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు పొందవచ్చు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి, ఎంపిక ప్రతిభ ఆధారంగా జరుగుతుంది. ప్రభుత్వం నుంచి మరో సహాయం పొందుతున్నవారి విషయంలో ఈ పథకానికి షరతులు ఉన్నాయి. కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కలిపి ఆలోచించే ముందు మార్గదర్శకాలు చదివి, మీ చెల్లి ర్యాంకుకు ఏది మేలో చూసుకోండి. 35,000 వచ్చే ర్యాంకులో ఉన్న అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు.

మీ చెల్లి ప్రైవేటు కళాశాలలో చదివింది కాబట్టి ఆమెకు వర్తించదు కానీ, ఇది చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. పదో తరగతి, ఇంటర్ రెండూ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరే అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏటా 30,000 రూపాయలు ఇస్తోంది. తెలంగాణ కూడా ఆ పథకంలో ఉంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ చదువుతున్న చెల్లెళ్లకు ఈ మాట తప్పకుండా చేరవేయండి.

జవాబు: దేవరకొండ మీసేవ

పేర్ల గురించి అడిగారు కదా, అది నేను రోజూ చూసే సమస్య కాబట్టి చెబుతాను. ఈపాస్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఉత్తీర్ణత సంవత్సరం కొట్టగానే పేరు, పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే వస్తాయి. అందువల్ల మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపోయేలా సవరించుకోవడమే తేలిక. మెమోలో సవరణ అంటే బోర్డు దాకా వెళ్లాలి, ఆధార్‌లో సవరణ అయితే మెమో చూపించి ఆధార్ కేంద్రంలో చేయించుకోవచ్చు. పొడి అక్షరం బదులు ఇంటిపేరు పూర్తిగా, మెమోలో ఉన్న క్రమంలోనే రాయించండి. ఆధార్ మారిన తర్వాతే బ్యాంకులో, ఆ తర్వాత ఆదాయ ధ్రువపత్రంలో అదే పేరు వచ్చేలా చూడండి. ఈ వరుస తప్పితే ఒకే పని రెండుసార్లు చేయవలసి వస్తుంది.

కుల ధ్రువపత్రం చేతిరాతతో ఇచ్చిన పాతది అయితే మీసేవ ద్వారా కొత్తది తీసుకోండి. ఆన్‌లైన్ దరఖాస్తులో ధ్రువపత్రంపై ఉండే మీసేవ నంబరునే అడుగుతారు, చేతిరాత పత్రం మీద ఆ నంబరు ఉండదు. చెల్లి మొబైల్ నంబరు ఆధార్‌తో అనుసంధానమై ఉందో లేదో కూడా చూడండి. నాన్న ఫోన్ నంబరో, ఎప్పుడో పారేసిన సిమ్ నంబరో ఆధార్‌లో ఉండిపోయి, ఓటీపీ రాక కేంద్రం దగ్గర పిల్లలు ఇబ్బంది పడుతుంటారు.

బ్యాంకు ఖాతా చెల్లి పేరు మీదే ఉండాలి. ఖాతాకు ఆధార్ ఇచ్చాము కదా అని వదిలేయవద్దు. ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా జమ కావాలంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితా) ఆ బ్యాంకు పేరు ఉండాలి. రెండు మూడు ఖాతాలు ఉంటే చివరగా ఏ బ్యాంకుతో అనుసంధానం చేశారో అందులోనే డబ్బు పడుతుంది. బ్యాంకు ఏది, అనుసంధానం పనిచేస్తోందా అన్నది ఆధార్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

ప్రశ్నించినవారు: నాంపల్లి అన్న

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ జవాబులు నాన్నకు చదివి వినిపించాను, మేనేజ్‌మెంట్ సీటు ఆలోచన మానుకున్నారు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. ఒకవేళ 10,000 దాటి ర్యాంకు వస్తే మిగతా ఫీజుకు బ్యాంకు అప్పు దొరుకుతుందా? మాకు భూమి తప్ప వేరే ఆస్తి లేదు, దాన్ని తాకట్టు పెట్టడం అమ్మకు ఇష్టం లేదు. ప్రభుత్వం నుంచి ఫీజు ఆలస్యంగా వస్తే కళాశాలవాళ్లు సర్టిఫికెట్లు ఆపుతారని కూడా అంటున్నారు, అది నిజమేనా?

జవాబు: పాలమూరు సెక్షన్

అమ్మగారి మాట సరైనదే, భూమి జోలికి వెళ్లవలసిన అవసరం లేదు. బ్యాంకుల విద్యా రుణ పథకంలో 4,00,000 రూపాయల వరకు ఆస్తి తాకట్టు, బయటివారి హామీ అడగరు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే సరిపోతుంది. కుటుంబ ఆదాయం 4,50,000 రూపాయల లోపు ఉండి వృత్తి విద్యా కోర్సు చదివేవారికి, చదువు కాలంతో పాటు ఆ తర్వాత ఒక ఏడాది వరకు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. రుణం తీసుకునేటప్పుడే ఆ వడ్డీ రాయితీకి కూడా దరఖాస్తు చేయాలని మేనేజరును అడగండి, అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి, చెల్లికి సీటు వచ్చిన కళాశాల ఆ జాబితాలో ఉందేమో అప్పుడు చూసుకోవచ్చు. మొత్తం ఫీజుకు కాకుండా, రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలేదానికే రుణం తీసుకోండి.

సర్టిఫికెట్ల గురించి మీరు విన్నది నిజమే. ప్రభుత్వం నుంచి బకాయిలు రావడంలో ఏళ్ల తరబడి ఆలస్యం జరుగుతోంది, దాంతో కొన్ని ప్రైవేటు కళాశాలలు ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని పిల్లలను ఒత్తిడి చేస్తున్నాయి. ఉద్యోగం వచ్చిన పిల్లలు, పీజీలో సీటు వచ్చిన పిల్లలు టీసీ కోసం తిరుగుతుంటే చూడలేము. ఇది పిల్లల తప్పు కాదు, ఆ భారం పిల్లల మీద మోపడం అన్యాయం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2018 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి, సరిచూసిన వెంటనే తిరిగి అడగండి. ఒకవేళ ఉంచుకుంటామంటే, ఏయే పత్రాలు ఇచ్చారో పేరుపేరునా రాయించి కళాశాల ముద్రతో రసీదు తీసుకోండి. ఈపాస్‌లో మీ చెల్లి దరఖాస్తు ఏ దశలో ఉందో, మంజూరు అయిందో లేదో చూపే పేజీని ప్రతి సంవత్సరం ప్రింటు తీసి దాచండి. ఎంత మొత్తం ప్రభుత్వం నుంచి రావలసి ఉందో చూపడానికి అదే ఆధారం.

ఈ వారంలో చేయవలసింది మాత్రం ఆధార్ సవరణే. చెల్లికి పరీక్షలు దగ్గర పడితే ఆధార్ కేంద్రానికి రావడం కుదరదు, కాబట్టి వచ్చే సెలవు రోజునే పదో తరగతి మెమో ఒరిజినల్ వెంటబెట్టుకుని వెళ్లి ఆ పని పూర్తిచేయండి.