2023లో ఆస్ట్రేలియా పార్లమెంటులో 11 మంది ఆదివాసీలు ఉన్నారు కదా, వాళ్ళకు వేరే మండలి ఎందుకు?

మూర్తి_మెల్‌బోర్న్: 2023 అక్టోబరు 14న రెఫరెండంలో నేను నో వేశాను. పార్లమెంటుకు సలహా చెప్పే ఆదివాసీ మండలిని రాజ్యాంగంలో చేర్చాలా అని అడిగారు. దాదాపు 60 శాతం వద్దన్నారు, ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. అయినా మొన్న ఓ తెలుగువాళ్ళ ఇంట్లో నన్ను జాతి వివక్ష ఉన్నవాడిలా చూశారు. అప్పటికే 227 మంది ఎంపీలు, సెనేటర్లలో 11 మంది ఆదివాసీలు. జనాభాలో వాళ్ళు 4 శాతం కూడా లేరు. ఇంకేం కావాలి?

సునీత_సిడ్నీ: మూర్తి గారూ, వాళ్ళంతా పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్ళు. ఆదివాసీలు తామే ఓటేసి ఎన్నుకున్న అట్సిక్ అనే మండలి 1990లో మొదలైంది, 2005లో రద్దు చేశారు. రెండేళ్ళకే నార్తర్న్ టెరిటరీ పల్లెల్లోకి సైన్యాన్ని పంపి, పెన్షన్ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో కూడా ప్రభుత్వమే చెప్పింది. అందుకోసం జాతి వివక్షను నిషేధించే చట్టాన్నే పక్కన పెట్టారు. అడ్డు చెప్పడానికి అప్పుడు ఎవరున్నారు?

మూర్తి_మెల్‌బోర్న్: అట్సిక్‌ని రెండు పెద్ద పార్టీలూ వద్దన్నాయి. 11 మంది సంగతికి జవాబు రాలేదు. సెనేటర్ జెసింటా ప్రైస్ ఆదివాసీ కాదా? ఆవిడే నో అన్నారు.

రవి: ఇంకో ఆదివాసీ సెనేటర్ లిడియా థోర్ప్ కూడా నో. కానీ ఆవిడకి ముందు ప్రభుత్వానికీ ఆదివాసీలకూ మధ్య ఒప్పందం కావాలి, అది వేరే నో.

సునీత_సిడ్నీ: అప్పటి మంత్రి లిండా బర్నీ, ఆవిడా ఆదివాసీయే, ఎస్ అన్నారు. ఒక్కరినే పట్టుకుంటే ఎలా? నార్తర్న్ టెరిటరీలో ఆదివాసీలు ఎక్కువగా ఉండే తివీ దీవులు, వడెయే లాంటి చోట్ల భారీగా ఎస్‌కే వేశారు. అక్కడ ఉండేవాళ్ళ మాట లెక్కలోకి రాదా?

పాడేరు_పిల్ల: మండలి ఉంటే చాలనుకోకండి. మాకు భారత రాజ్యాంగం అయిదో షెడ్యూలులోనే గిరిజన సలహా మండలి ఉంది, నాలుగింట మూడొంతులు గిరిజన ఎమ్మెల్యేలే. అయినా మా గ్రామసభ క్వారీ వద్దని తీర్మానం చేసిన తర్వాత కూడా కొండ మీదికి సర్వేకి వచ్చారు. సలహా వినకపోతే ఏమవుతుందో కూడా చట్టంలో రాయాలి.

మూర్తి_మెల్‌బోర్న్: మా నాన్న పొలం రిజర్వాయరు ముంపులో పోయింది. మాకెవరు మండలి పెట్టారు? అప్పు చేసి ఇక్కడికి వచ్చాను, ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి పౌరసత్వం తెచ్చుకున్నాను. ఇప్పుడు పుట్టుకను బట్టి ఇంకొకరికి ఎక్కువ మాట అంటే నా పిల్లలు ఈ దేశంలో ఎప్పటికీ తర్వాత వచ్చినవాళ్ళే అవుతారు. నా బాధ అదీ!

సునీత_సిడ్నీ: ఇది మొదటే చెప్పాల్సింది, ఆ 11 గురించి ఇంతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు. మీ పిల్లల ఓటు ఎక్కడికీ పోదు. అడగకుండా భూమి తీసుకుంటే ఎలా ఉంటుందో మీ ఇంట్లోనే తెలుసు కదా. మీ నాన్నగారికి పరిహారం వచ్చిందా?

మూర్తి_మెల్‌బోర్న్: కొంత వచ్చింది. మిగతాది ఆయన పోయేదాకా రాలేదు. అయినా నా ఓటు నోనే.