పథెటిక్ సింఫనీని 'దయనీయ సింఫనీ' అనొచ్చా?

పాత రికార్డు:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను. నెలకోసారి మా ఇంట్లో ఏడెనిమిది మందిమి కూర్చుని ఒక రికార్డు మొదటి నుంచి చివరిదాకా వింటాం. ఈసారి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన సంగీతం. లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, కండక్టరు యెవ్‌గెనీ మ్రవిన్‌స్కీ. 1960లో డాయిచె గ్రామఫోన్ అనే రికార్డు కంపెనీ వాళ్లు వియన్నాలో చేసిన స్టీరియో రికార్డింగు అది. వచ్చేవాళ్లలో సగం మందికి ఈ సంగీతం కొత్త. తెలుగులో ఒక పేజీ రాసి చేతికిద్దామని కూర్చున్నా. తీరా పేరు దగ్గరే బండి ఆగింది. ఆ సింఫనీ పేరు 'పథెటిక్'. 'దయనీయ సింఫనీ' అని రాశా. మా ఆవిడ చూసి "అంత ఘోరంగా వాయించారా?" అంది. కొట్టేశా. 'విషాద సింఫనీ' అంటే సరిపోతుందా?

పెద్ద బాలశిక్ష:
మీ ఆవిడ గట్టిగానే పట్టుకున్నారు. దయనీయం అంటే దయ చూపదగింది. కానీ "మా వీధి రోడ్డు దయనీయంగా ఉంది" అన్నప్పుడు రోడ్డు మీద ఎవరికీ దయ లేదు, చిరాకే ఉంది. ఇంగ్లీషులో పథెటిక్ కూడా ఇలాగే జారింది. మూలం గ్రీకు 'పాథోస్'. దానికి బాధ, అనుభూతి అనే రెండు అర్థాలూ ఉన్నాయి. మనసును కదిలించేది అనే అర్థం పోయి, చివరికి చీదరించుకునే మాటగా మిగిలింది.

నా ఓటు 'కరుణ'కి. రసాల్లో కరుణకు స్థాయిభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, శోకం, దయ కాదు. భవభూతి ఉత్తరరామచరితంలో "ఏకో రసః కరుణ ఏవ" అన్నాడు, ఉన్న రసం ఒక్కటే, అది కరుణే అని.

పాత రికార్డు:
మాస్టారూ, అలంకారశాస్త్రం చదివినవాళ్లకు అది వెలుగుతుంది. మా వాళ్లకు కరుణ అంటే దేవుడు చూపించేది. మళ్లీ దయ దగ్గరికే వచ్చాం.

చలిదేశం:
రష్యాలో ఆరేళ్లు మెడిసిన్ చదివాను కాబట్టి ఒక మాట. రష్యన్‌లో దీని పేరు 'పాతెతీచెస్కయా'. ఆ మాటలో జాలి లేదు. ఉద్వేగంతో నిండినది, గుండెలోతు నుంచి వచ్చినది అని అర్థం. ఎవరినైనా చూసి 'పాపం, వీడి బతుకు' అనాలంటే వాళ్లు వాడే మాట 'జాల్కియ్'. మన జాలిలా వినిపిస్తుంది కానీ చుట్టరికం ఏమీ లేదు, ఊరికే కలిసింది. నేను మాత్రం దీన్ని పట్టుకునే మొదటి సంవత్సరం మాట గుర్తుపెట్టుకున్నాను!

పేరు పెట్టిన కథ కూడా ఉంది. తమ్ముడు మొదెస్త్ మొదట 'విషాద సింఫనీ' అనమన్నాడట. చైకోవ్‌స్కీ ఒప్పుకోలేదు. గదిలోంచి బయటికి వెళ్లిన మొదెస్త్‌కి 'పాతెతీచెస్కయా' తట్టింది, వెనక్కి వచ్చి చెబితే అన్నగారు సరేనన్నాడు. ఇది మొదెస్త్ తనే చెప్పుకున్న కథ, పూర్తిగా నమ్మేయకుండా వినాలి. అయినా మీ 'విషాదం' ఒకసారి కాదనిపించుకున్న పేరు అన్నమాట.

పాత రికార్డు:
ఇది నాకు తెలీదు అన్నా, థాంక్స్. విషాదం కొట్టేశా.

తకతకిట:
చర్చ పక్కకి లాగుతున్నానేమో, క్షమించాలి. నాది మృదంగం. ఆ సింఫనీలో రెండో భాగం విన్నారా? అయిదు దెబ్బల లెక్క. యూరప్‌లో అప్పటికి అదో వింత. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టుంది, రెండు, మూడుగా విరుగుతుంది, అచ్చం మన ఖండ చాపు తాళం. తక తకిట, తక తకిట అని తొడ మీద వేస్తూ పోవచ్చు. వాల్ట్జ్ నాట్యానికి ఒక కాలు తక్కువైనట్టు అని వాళ్లు అంటారు, నాకైతే కాళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. దయనీయం అనిపించేది అందులో ఒక్క ఆవర్తం కూడా లేదు. మూడో భాగం సరేసరి, పెళ్లి ఊరేగింపు కన్నా జోరు. అయిపోయిందనుకుని హాల్లో జనం చప్పట్లు కొట్టేస్తారు. అసలు సంగతి ఆ తర్వాత.

పాత రికార్డు:
పక్కకి లాగలేదు తమ్ముడూ, నువ్వు చెప్పిందే నాకు పనికొచ్చింది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగో భాగం మళ్లీ విన్నా. అక్కడ చైకోవ్‌స్కీ ఒక గమ్మత్తు చేశాడు. మొదట్లో వినిపించే ఆ ఏడుపు లాంటి పాటని ఏ ఒక్కరూ పూర్తిగా వాయించరు. ఒక స్వరం మొదటి వయొలిన్లది, తర్వాతది రెండో వయొలిన్లది, మళ్లీ మొదటివాళ్లది. 'కమలం' అనే మాటలో 'క', 'లం' ఒకరు పలికి మధ్యలో 'మ' ఇంకొకరు పలికినట్టు. విడివిడిగా వింటే ఏ ముక్కకీ అర్థం లేదు, మాట మన చెవిలోనే తయారవుతుంది.

చాలా ఆర్కెస్ట్రాల్లో రెండు వయొలిన్ జట్లూ ఒకే పక్క కూర్చుంటాయి, అందుకే ఈ సంగతి చెవికి దొరకదు. మ్రవిన్‌స్కీ వాళ్లను ఎడమా కుడీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. స్టీరియోలో ఆ పాట మన తలలో ఈ పక్క నుంచి ఆ పక్కకి ఊగుతుంది. అదే పాట ఇంకాస్త ముందుకెళ్లాక తిరిగొచ్చినప్పుడు మొదటి వయొలిన్లే మొత్తం వాయిస్తాయి, ఊగడం ఆగిపోతుంది. నాకు అక్కడే గొంతు పట్టేసింది.

ఇంకో సంగతి. మ్రవిన్‌స్కీ 1938 నుంచి చనిపోయిన 1988 దాకా అదే ఆర్కెస్ట్రాతో ఉన్నాడు. యాభై ఏళ్లు! అందుకే కాబోలు, ఎవరూ ఎవరినీ బతిమాలుతున్నట్టు ఉండదు. ఏడిపించాలని ఎక్కడా సాగదీయడు. ఇత్తడి వాయిద్యాలు కాస్త వణుకుతో కత్తిలా వస్తాయి. జాలి పడమని అడగని వాయింపుకి జాలి ఉన్న పేరు ఎలా పెట్టను?

పెద్ద బాలశిక్ష:
అలా అయితే 'ఆర్తి' చూడండి. సంస్కృతంలో బాధ. తెలుగులో దానికి తపన కూడా తోడయింది. "ఆర్తిగా చూశాడు" అంటే బాధతోనా, కోరికతోనా అని విడదీసి చెప్పలేం. రష్యన్ మాటలో ఆ అబ్బాయి చెప్పిన ఉద్వేగం ఇందులో ఉంది, చీదరింపు లేదు.

తకతకిట:
'మొర' ఎలా ఉంటుంది మాస్టారూ? అచ్చ తెలుగు. గజేంద్రుడి మొర ఉండనే ఉంది.

పెద్ద బాలశిక్ష:
మాట బాగుంది నాయనా. కానీ మొర పెట్టుకోవాలంటే అవతల వినేవాడు ఒకడుండాలి. గజేంద్రుడికి ఉన్నాడు. ఈ సింఫనీ చివర ఎవరైనా వస్తారా?

పాత రికార్డు:
రారు మాస్టారూ. గంటలాంటి పెద్ద పళ్లెం మీద మెల్లగా ఒక్క దెబ్బ, తర్వాత చెల్లోలు, డబుల్ బాస్‌లు (వయొలిన్ జాతిలోనే పెద్దవి, లోతు గొంతువి) అడుక్కి దిగిపోతూ దిగిపోతూ వినపడకుండా పోతాయి. 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చైకోవ్‌స్కీ తనే నడిపించిన తొలి ప్రదర్శన. తొమ్మిది రోజులకు చనిపోయాడు.

'ఆర్తి' ఖాయం. కాగితం మీద 'చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ (ఆర్తి)' అని వేస్తున్నా.

చలిదేశం:
బాగుంది. ఆ కాలపు సంగీతానికి రొమాంటిక్ యుగం అని పేరు కదా, అది కూడా రాశారా? దాన్ని ఏమన్నారు?

పాత రికార్డు:
'కాల్పనిక యుగం' అన్నాను అన్నా. 'రొమాంటిక్ సింఫనీ' అని రాస్తే మా బావమరిది డ్యూయెట్లు ఉంటాయని వస్తాడు.