కెమిస్ట్రీ ఆనర్స్ చేస్తే రాయగడ, కోరాపుట్ వైపే ఉద్యోగం దొరుకుతుందా?

గుణుపురం కుర్రాడు:
మా చెల్లి ప్లస్ టూ సైన్స్ పాసైంది, కెమిస్ట్రీ ఆనర్స్ అంటోంది. ఇంట్లో ఏమో "బీఎస్సీ చేస్తే చివరికి టీచరేగా" అంటున్నారు. దామన్‌జోడి, టికిరిలో అల్యూమినా ఫ్యాక్టరీలు, జేకేపూర్‌లో కాగితం మిల్లు మనకి దగ్గరే కదా. వాటి ల్యాబుల్లో కెమిస్ట్రీ వాళ్ళకి పనేముంటుంది? లేక పైడిభీమవరం, పరవాడ మందుల కంపెనీలకే పోవాలా? ఎమ్మెస్సీ తప్పదా?

బ్యూరెట్:
అల్యూమినా ల్యాబు గురించి చెప్తాను బాబూ. బాక్సైట్‌ని వేడి కాస్టిక్ సోడాలో కరిగించి అల్యూమినా తీస్తారు, అదే బేయర్ పద్ధతి. ఖనిజంలో రియాక్టివ్ సిలికా (సోడాతో కలిసిపోయే ఇసుక జాతి పదార్థం) ఎంతుందన్నది ల్యాబే తేల్చాలి. ఆ సిలికా సోడాతో, అల్యూమినాతో కలిసి గట్టి పదార్థమై, చివరికి పారేసే ఎర్రమట్టిలోకి పోతుంది. కిలో సిలికాకి ఇంచుమించు కిలో కాస్టిక్ గల్లంతు. ఖర్చంతా అక్కడే.

ఇక రోజూ షిఫ్టు షిఫ్టుకీ లిక్కర్ (అల్యూమినా కరిగిన సోడా ద్రావణం) టైట్రేషన్లు, అంటే బలం తెలిసిన ద్రావణాన్ని బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి చుక్కచుక్కగా వేసి కొలవడం. సోడియం గ్లూకొనేట్ వేసి ఆమ్లంతో టైట్రేట్ చేస్తే కాస్టిక్ తెలుస్తుంది. ఆ తర్వాత పొటాషియం ఫ్లోరైడ్ వేస్తే అది అల్యూమినియాన్ని పట్టుకుని హైడ్రాక్సైడ్‌ని వదిలేస్తుంది. దాన్ని మళ్ళీ టైట్రేట్ చేస్తే అల్యూమినా లెక్క వస్తుంది. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడ కాదు, శాంపిల్ దగ్గర. లిక్కర్‌ని చల్లారనిస్తే అందులోని అల్యూమినా హైడ్రేట్ పొడిగా సీసా అడుక్కి దిగిపోతుంది, పైది తీసి కొలిస్తే అల్యూమినా తక్కువ చూపిస్తుంది. రీడింగ్ తేడా వస్తే బ్యూరెట్‌ని అనుమానించే ముందు సీసా అడుగు చూడాలి.

ఇలాంటి ల్యాబు పోస్టులకి బీఎస్సీ చాలు, కానీ నాల్కో (దామన్‌జోడి ఫ్యాక్టరీ వాళ్ళదే) లాంటి చోట ఆనర్స్ అడుగుతారు. మూడు సబ్జెక్టుల పాస్ కోర్సు వద్దు. ఖాళీలు ఏటా పడవు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

పరవాడ షిఫ్టు:
మందుల కంపెనీల్లో మూడు దారులు, మూడూ వేర్వేరు జీవితాలు. ప్రొడక్షన్ అంటే రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్, రాత్రి షిఫ్టులు, బీఎస్సీని తీసుకుంటారు. ఆర్ అండ్ డీకి ఆర్గానిక్ ఎమ్మెస్సీ కావాలి. క్యూసీకి, అంటే నాణ్యత పరీక్షించే ల్యాబుకి, అనలిటికల్ ఎమ్మెస్సీ అయితే మంచిది, మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చెయ్యి తిరిగిన బీఎస్సీకీ చోటుంటుంది.

హెచ్‌పీఎల్‌సీ వచ్చంటే బటన్ నొక్కడం కాదు. మొబైల్ ఫేజ్‌ని, అంటే యంత్రంలో పారే ద్రావకాన్ని, 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టాలి, గాలి తీసెయ్యాలి. ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు కలిపిన నీళ్ళు) నడిపాక ఒక్కసారిగా అసిటోనైట్రైల్ అనే ఆర్గానిక్ ద్రావకం ఎక్కువ పెడితే ఉప్పు లోపలే గడ్డకడుతుంది. ప్రెషర్ పెరుగుతుంది, పంపు సీళ్ళు అరిగిపోతాయి. ముందు 10 శాతం అసిటోనైట్రైల్ కలిపిన నీళ్ళతో ఓ అరగంట కడిగి, అప్పుడు ఆర్గానిక్‌కి వెళ్ళాలి. ఇంటర్వ్యూలో ఈ "ఎందుకు" చెప్పగలిగినవాళ్ళు తక్కువ.

గుణుపురం కుర్రాడు:
థాంక్సండీ. ఎమ్మెస్సీ చెయ్యాలంటే ఎటు? ఇంటర్వ్యూలో ఇంకేం అడుగుతారు?

భంజవిహార్ గేటు:
బరంపురం యూనివర్సిటీ వగైరా ఒడిశా యూనివర్సిటీలకి సీపెట్ అనే ఎంట్రన్స్ పరీక్ష. కోరాపుట్‌లోని సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ. ఐఐటీలకి జామ్: 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి విభాగంలోనే నెగటివ్ మార్కులు. చివరి 20 ప్రశ్నలకి జవాబు అంకెల్లో రాయాలి, నెగటివ్ లేదు. కాబట్టి ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు బాగా వచ్చినవాళ్ళకి అక్కడ లాభం. మనవాళ్ళు ఆర్గానిక్ మెకానిజాలు బట్టీ పట్టి ఆ 20నే వదిలేస్తారు, విచిత్రం.

కాలేజీ లెక్చరర్ అవ్వాలంటే తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ ఉంది. 200 మార్కుల్లో సగం చివరి భాగమైన పార్ట్ సీ ఒక్కదానిదే, 60 ప్రశ్నల్లో 25 ఎంచుకుని రాస్తే చాలు. అన్నీ చదవాలన్న భయం అక్కర్లేదు.

బ్యూరెట్:
ఇంటర్వ్యూకి ఒక్కటి గట్టిగా నేర్పించు: లీటరు 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ తయారీ. 4 గ్రాములు తూచాం, అయిపోయింది అంటే ఫెయిలే. అది గాల్లో తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీలుస్తుంది కాబట్టి తూకాన్ని నమ్మలేం. నీళ్ళు మరిగించి చల్లార్చి కలపాలి. తర్వాత దాని అసలు బలం తేల్చడానికి, తూకం నమ్మదగిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌ని 110 నుంచి 120 డిగ్రీల దగ్గర 2 గంటలు ఆరబెట్టి, 0.4 గ్రాములు తూచి నీళ్ళలో కరిగించి, రంగు మారి ముగింపు చూపించే ఫినాఫ్తలీన్ వేసి ఈ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చెయ్యాలి. తూకం సరిగ్గా 0.4084 అయితే 20 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు రావాలి. 20 దాటితే ద్రావణం బలం తగ్గినట్టు. ఫ్లాస్కుని తిప్పుతూ ఆ రంగు అర నిమిషం నిలవాలి. ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి, గాజు మూతైతే అతుక్కుపోతుంది.

పర్లాకిమిడి:
ఒక్క మాట. ఒడిశా ప్రభుత్వ టీచర్ పోస్టులకి బీఈడీతో పాటు ఒడియా కూడా చూస్తారు. ఏడో తరగతి స్థాయి ఒడియా పాసైనట్టు కాగితం ఉండాలి. తెలుగు మీడియం పిల్లలు నోటిఫికేషన్ వచ్చాక దీనికోసం పరిగెడతారు. స్కూల్లో ఒడియా ఒక సబ్జెక్టుగా చదివిందా? లేకపోతే బోర్డు పెట్టే ఆ స్థాయి పరీక్ష డిగ్రీలో ఉండగానే రాయించండి.

గుణుపురం కుర్రాడు:
ప్లస్ టూ ఇంగ్లీషు మీడియమేనండీ. ఎనిమిది దాకా ఒడియా చదివింది, ఆ మార్కుల కాగితం ఎక్కడుందో వెతకాలి.