అమ్మమ్మ కబుర్లు, పాత ఫోటోలు, క్యాసెట్లు: మీ ఇంట్లో ఎలా దాచుకున్నారు?

దివిసీమ_మనవరాలు
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు, గొడ్డూ గోదా, పెళ్లి ఫోటోతో సహా అన్నీ పోయాయి. ఒక్క ట్రంకు పెట్టె మిగిలింది, అదీ అప్పటికి బెజవాడలో పెద్దమ్మ ఇంట్లో ఉండబట్టి. అందులో ముప్పై ఫోటోలు, తాతయ్య రాసిన కార్డులు ఉన్నాయి. ఆ తర్వాత తాతయ్య పద్యాలు పాడిన నాలుగు క్యాసెట్లు కూడా అందులోనే పెట్టారు. ఆధార్‌లో అమ్మమ్మ పుట్టిన తేదీ 1-1-1940. ఆవిడేమో "యువ నామ సంవత్సరం, పుష్యమాసం, సంక్రాంతికి ముందు" అంటుంది. కబుర్లు రికార్డ్ చేద్దామని ఫోన్ ఎదురుగా పెడితే "చెప్పడానికి ఏముందే, అందరిలాగే బతికాం" అని ఊరుకుంటుంది. మా పిల్లలిద్దరూ తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వచ్చే నెల రెండు వారాలకే వస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

బందరు_బాబాయి
అమ్మాయ్, ఫోన్ కనబడితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. చెప్పకుండా ఆన్ చేసి దిండు పక్కన పెట్టెయ్. చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు నోరు అదే విప్పుతుంది. మా అమ్మవి నలభై గంటలు అలాగే చేశాను. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు కాసేపు వింటాను.

టేపురికార్డర్
22 ఏళ్లుగా నా పనే ఇది. పాత టేపులు, తాళపత్రాలు, కాగితాలు అన్నీ చేశాను కాబట్టి చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీదకి చూడండి. తెల్లగా పిండి చల్లినట్టు కనిపిస్తే అది బూజు. పొరపాటున కూడా ప్లేయర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కి అంటుకుని మిగతా మూడు క్యాసెట్లకూ పాకుతుంది. బూజు లేకపోతే ముందు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. మొదటిసారి వినేటప్పుడే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి, రెండోసారికి టేపు ఉంటుందన్న నమ్మకం లేదు. డబ్ల్యూఏవీ ఫైల్‌గా దాచి, బంధువులకి పంపడానికి విడిగా ఎంపీ3 చేసుకోండి. ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేయండి. లామినేషన్ మాత్రం చేయించకండి.

చిన్నకోడలు
బందరు_బాబాయి గారూ, మీరు చెప్పిన పని మా ఇంట్లో జరిగింది. మా అత్తగారు కూరలు తరుగుతూ ఆడపడుచుతో చెప్పుకున్న మాటలు మా మరిది ఇలాగే రికార్డ్ చేశాడు. అందులో నా పెళ్లినాటి లాంఛనాల గొడవ, మా నాన్న గురించి రెండు మాటలు ఉన్నాయి. "అమ్మ గొంతు ఎంత బాగుందో వినండి" అని ఆ మొత్తం ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మా నాన్న కూడా విన్నారు. మూడేళ్లు రాకపోకలు లేవు, మా తమ్ముడి పెళ్లికి అటు నుంచి ఒక్కరు రాలేదు. అత్తగారు నా చేతులు పట్టుకుని "నేను అన్నది దానితోనే అమ్మా, ఊరందరితో కాదు" అని ఏడ్చారు. పెద్దావిడకి చెప్పకుండా ఆవిడ మాట దొంగిలించడమేంటి?

బందరు_బాబాయి
దొంగతనం అనే మాట వెనక్కి తీసుకోండి. మా అమ్మ మాట నేను కాక ఎవరు దాస్తారు? తప్పు గ్రూపులో పెట్టినవాడిది, రికార్డ్ చేసినవాడిది కాదు.

చిన్నకోడలు
తీసుకోను. ఆ నలభై గంటల్లో ఏముందో మీ అమ్మగారికి ఒక్కసారైనా వినిపించారా?

కరీంనగర్_బిడ్డ
లామినేషన్ సంగతి ఇంకొంచెం చెప్పండి అన్నా. మా బాపు ఫోటో, మిలిటరీ డ్రెస్‌లది, మొన్ననే చేయించిన. ఏమైతది?

టేపురికార్డర్
వేడితో అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు తమ్ముడూ. లోపల తేమ చిక్కితే అక్కడే మచ్చ కడుతుంది. ఇప్పుడు ఊడదీయాలని చూడకు, ముందు మంచి స్కాన్ తీసి పెట్టుకో. ఇంకొకటి, ఫోటో వెనక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ వాడకండి, ఆ గాడి ముందువైపు ముఖాల మీద తేలుతుంది. మెత్తని పెన్సిల్‌తో అంచున రాయండి. 80లు, 90ల్లో జిగురు పేజీల ఆల్బమ్‌లు వచ్చాయి కదా, వాటిలో ఫోటోలు పీకకండి. ముందు పేజీని అలాగే ఫోటో తీసి, తర్వాత పళ్ల సందుల్లో వాడే దారం వెనకనుంచి రంపంలా నడిపితే నెమ్మదిగా వస్తాయి.

పంచాంగం
యువ అంటే 1935. ఆధార్‌ని నమ్మకండి. తేదీ చెప్పలేని పెద్దవాళ్లకి నమోదు చేసేటప్పుడు జనవరి 1 వేసేశారు. మా ఇంట్లోనే నలుగురు అదే రోజున పుట్టినట్టున్నారు.

కృష్ణవేణి_తీరం
1935 అని అంత ఖాయంగా ఎలా చెబుతారు? యువ ఉగాది 1935లో వచ్చింది కానీ, పుష్యమాసం 1935 డిసెంబరు చివర మొదలై 1936 జనవరిలోకి నడిచింది. సంక్రాంతికి ముందు అన్నారు కాబట్టి రెండు ఏళ్లలో ఏదైనా కావచ్చు. తిథి అడగాలి.

పంచాంగం
తెలుగు లెక్కలో అది యువే. ఇంగ్లీషు క్యాలెండరులోకి లాగి ఆవిడ పుట్టుకని మార్చక్కర్లేదు.

కృష్ణవేణి_తీరం
మార్చడం కాదండీ. రేపు మునిమనవళ్లు కాగితాలతో పోల్చుకోవాలంటే రెండూ రాసి ఉండాలి. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది, 1995 కూడా యువే. ఉత్త "యువ" అని వదిలేస్తే వందేళ్ల తర్వాత చదివేవాడికి ఏ యువ అని తెలుస్తుంది?

కరీంనగర్_బిడ్డ
మా దగ్గర ఈ పేర్లు తక్కువ, కాగితాలన్నీ ఫసలీల, అంటే రెవెన్యూ సాలు లెక్కల. 590 కలిపితే దాదాపు ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1364 ఫసలీ అంటే 1954–55, ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) రాసిన సాలు. మా తాత తండ్రి పేరు ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. భూమి కేసు కోసం ఆ పహాణీ నకలు తీస్తే పట్టాదారు గళ్లల్ల దొరికింది. మా నాయినకి చదివి వినిపిస్తే ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు కూసున్నడు. అంతకుముందువి ఉర్దూల ఉన్నయి, చదివేటోళ్లు మా ఊర్ల ఇద్దరే మిగిలిండ్రు.

సంగమేశ్వరం
రికార్డర్, స్కానర్ తర్వాత. ముందు ఏం అడగాలో చెబుతాను. మాది అప్పటి కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పోయింది. ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి పైకి తేలినట్టు మా ఊరి మొండిగోడలూ బయటపడేవి, ఇప్పుడు అవీ లేవు. నా పిల్లలకి చూపించడానికి ఊరే లేదు.

మూడేళ్ల కిందట మా మేనత్తలు ముగ్గురిని కూర్చోబెట్టి "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అన్నాను. మీ అమ్మమ్మ లాగే "ఏముందిలే" అన్నారు. అప్పుడు గోడకి నాలుగు చార్టు పేపర్లు అంటించి, మధ్యలో చేదబావి గీసి, "అత్తా, నీళ్లు తీసుకుని ఇంటికి ఏ దారిలో పోతుంటివి?" అని అడిగాను. పెద్దత్త లేచొచ్చి వేలితో చూపించింది. "ఇక్కడ వేపమాను. దాని కింద కంసలాయన కొలిమి. మలుపులో అరుగు జారుతుంది, బిందె దించి ఎక్కాలి." చిన్నత్త "కొలిమి మాను కింద కాదు, అవతల" అంది. ఇద్దరికీ వాదన మొదలైంది. సాయంత్రం ఆరింటికి 112 ఇళ్లు పేపరు మీద ఉన్నాయి, ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లో, ఎవరి గోడ ఎప్పుడు పడిందో, ఏ ఇంట్లో కలరాకి పిల్లలు పోయారో అన్నీ. ఫోన్ బల్ల మీద అందరికీ కనిపించేలానే ఉంది, దాని వంక ఎవరూ చూడలేదు. పెద్దత్త నిరుడు పోయింది. ఆ పటం లేకపోతే మా ఊరు ఆమెతోనే పోయేది.

అందుకే జీవితం అంతా చెప్పమనకండి, దారి అడగండి. ఉప్పెనలో పోయిన ఇంట్లో వంటగది ఏ వైపు, కావిడిపెట్టె ఎక్కడ, తూర్పు గుమ్మం లోంచి ఏం కనిపించేది అని అడగండి.

చిన్నకోడలు
ఇదీ పద్ధతంటే. ఫోన్ కనిపిస్తున్నా మాట ఆగలేదు చూశారా బాబాయి గారూ?

బందరు_బాబాయి
మూడు మూరల చార్టు పెట్టి ఆడించడానికి అందరి అమ్మలకీ ఆరోగ్యం ఉండదమ్మా. మా అమ్మ చివరి రెండేళ్లు మంచం మీదే. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు చెబుతున్నాను: లేదు, వినిపించలేదు. ఒకసారి వినిపిద్దామనుకున్నాను. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

చిన్నకోడలు
అయ్యో బాబాయి గారూ, ఆ సంగతి నాకు తెలియదు. మీ మనసు నొప్పించి ఉంటే క్షమించండి. కానీ చెప్పకుండా రికార్డ్ చేయడం తప్పు అన్న మాట మీద మాత్రం నేను అలాగే ఉన్నాను.

జెర్సీ_అమ్మ
పిల్లలు తెలుగు చదవలేరన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నాదీ అదే బాధ. నేను మా నానమ్మ మాటలన్నీ ఇంగ్లీషులోకి రాయించాను, పిల్లలు ఒక పేజీ కూడా చదవలేదు. అదే ఆవిడ ఆవకాయ కలుపుతూ మాట్లాడిన పన్నెండు నిమిషాల వీడియో మాత్రం వాళ్లంతట వాళ్లే పెట్టుకుని చూస్తారు. మా అబ్బాయి "ఓలమ్మో" అని అచ్చం ఆవిడలాగే అంటాడు. కాబట్టి యాసని దిద్దకండి. మా బాబాయి ఒకాయన "వినడానికి మోటుగా ఉంది" అంటూ ఆవిడ మాటలని "వచ్చింది, వెళ్లింది" అని పుస్తక భాషలోకి మార్చి టైపు చేయించారు. అందులో మా నానమ్మ లేదు.

ఇంకో మాట, కొలతలు. ఆవిడ "సోలెడు కారం, గిద్దెడు మెంతిపిండి" అంటుంది. నాలుగు గిద్దలు సోల అని లెక్క తెలిసినా, ఆవిడ వాడిన సత్తు సోల అడుగు సొట్టపోయి ఉంటుంది. నేను ఆ సోలతోనే కారం కొలిచి, తూకం వేసి గ్రాములు రాసుకున్నాను. సోల కూడా తెచ్చుకున్నాను.

పంచాంగం
కొలతలు ఒక్కో ప్రాంతానికి ఒక్కోలా ఉంటాయి, అది కూడా రాయండి. ఇంతకీ వంశవృక్షం గురించి ఎవరూ మాట్లాడరేం? గయలో మా పండా (తీర్థ పురోహితుడు) గారి పుస్తకంలో మా ముత్తాత సంతకం చూశాను. ఊరి పేరు చెబితే బస్తా విప్పి తీశారు.

కరీంనగర్_బిడ్డ
మాకు పండాలు లేరు. పిచ్చుకుంట్లోళ్లు వచ్చేటోళ్లు, కోతలప్పుడు. ఇంటిపేరు చెప్తే గోత్రం, ఏడు తరాలు పాటల్నే చెప్పేటోళ్లు. గింజలు పెట్టి పంపేటోళ్లం, ఒక్కనాడు రాసుకోలే. ఆఖరుసారి వచ్చిన ముసలాయన కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌ల ఆటో నడుపుతున్నడు. తండ్రి పాట రానే రాదన్నడు.

టేపురికార్డర్
తాళపత్రాలు ఉన్నవాళ్లు నన్ను అడగండి. నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు మెత్తబడుతుంది, పురుగు రాదు.

కృష్ణవేణి_తీరం
అయ్యా, తాటాకుకే అని గట్టిగా చెప్పండి. మా బంధువు ఒకరు ఇలాగే విని తాత గారి వీలునామాకి నూనె పూశారు. సిరా మొత్తం పాకింది.

టేపురికార్డర్
తాటాకు అనే రాశాను కదా! చదవకుండా నూనె పూస్తే నేనేం చేయను? కాగితానికి నూనె, నాఫ్తలీన్ ఉండలు, సెల్లోటేపు ఏదీ వద్దు. పొడి గుడ్డలో చుట్టి, నేలకి ఎత్తులో పెట్టండి, చాలు.

జెర్సీ_అమ్మ
వాట్సాప్‌లో ఫోటోలు పంపుకునేవాళ్లు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే చిన్నవైపోతాయి. గూగుల్ అకౌంట్ రెండేళ్లు ఎవరూ తెరవకపోతే తీసేయొచ్చన్న నిబంధన ఉంది. మన తర్వాత ఎవరికి అందాలో సెట్టింగ్స్‌లో ఇప్పుడే పేరు పెట్టుకోవచ్చు. మా ఆయన పేరు పెట్టాను, తర్వాత ఆలోచించి మా అమ్మాయిదీ చేర్చాను.

దివిసీమ_మనవరాలు
అందరికీ వందనాలు. నెల రోజులు ఆగలేక నిన్న వీడియో కాల్‌లోనే ప్రయత్నించాను. "అమ్మమ్మా, రికార్డ్ చేస్తున్నాను, వద్దంటే ఆపేస్తా" అని ముందే చెప్పాను. "నా గోల ఎవడికే" అంది, వద్దనలేదు. ఉప్పెన మాట ఎత్తలేదు. పాత ఇంట్లో వంటగదిలో కూర్చుంటే గుమ్మంలోంచి ఏం కనిపించేది అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తాటిచెట్టు" అంది. "మీ తాతయ్య నన్నూ మీ అమ్మనీ దాని మొదలుకే చీరతో కట్టాడు. నీలం రంగు చీర, పెద్దకొట్టులో కొన్నది. ముడి వేసేటప్పుడు ఆయన చేతులు వణకలేదు." మా అమ్మ పక్కనే ఉంది. ఆ రోజు ఆమెకి తొమ్మిదేళ్లు. చెట్టు గుర్తుందట, కట్టిన చీర నీలం అని ఆమెకీ ఇప్పుడే తెలిసింది.

తిథి అడిగాను, బహుళ విదియ అంది. లెక్క కట్టి రెండు తేదీలూ చెప్పండి, అట్ట మీద రాసుకుంటాను. క్యాసెట్లలో ఒకదాని మీద తెల్లగా ఉందని అమ్మ ఫోటో పంపింది. దాని మీద తాతయ్య దస్తూరీలో "ఉద్యోగ విజయాలు" అని ఉంది. టేపురికార్డర్ గారూ, అది మీకు పంపితే తీసిపెడతారా?

టేపురికార్డర్
పంపకమ్మా, దారిలో ఎండ తగిలితే పాడవుతుంది. విడిగా ఒక కవర్లో పెట్టి మిగతా వాటికి దూరంగా ఉంచమను. నువ్వు వచ్చిన రోజు చెప్పు, బెజవాడకి నేనే వస్తాను.