‘వచ్చింది’, ‘ఇచ్చారు’, ‘సాధించుకున్నారు’: వయోమింగ్ ఓటు హక్కుకు ఏ క్రియ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకి అమెరికాలోని వయోమింగ్ తొలి శాసనసభ గురించి రాస్తున్నాను. ‘1869లో అక్కడి ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది’ అని మొదలుపెట్టాను. ‘వచ్చింది’ అంటే వానలా దానంతటదే వచ్చినట్టుంది. ‘ఇచ్చారు’ అనాలా, ‘సాధించుకున్నారు’ అనాలా?

ఒక సభ్యుడు:
‘సాధించుకున్నారు’ అనండి. పోరాడకుండా ఏ హక్కు వచ్చిందండీ?

మరో సభ్యురాలు:
అమెరికా మొత్తానికి 1920లో జరిగిన రాజ్యాంగ సవరణకైతే ఆ మాటే సరి, దాని వెనక డెబ్బై ఏళ్ల పోరాటం ఉంది. వయోమింగ్ కథ వేరు. 1869లో అది ఇంకా రాష్ట్రం కూడా కాదు, ముందు ఏడాదే ఏర్పడ్డ టెరిటరీ, అంటే రాష్ట్ర హోదా రాని, కేంద్రం కింద ఉండే ప్రాంతం. అక్కడ పెద్ద ఉద్యమమేమీ లేదు. బిల్లు పెట్టింది సౌత్ పాస్ సిటీ అనే బంగారు గనుల ఊళ్లో బార్ నడిపిన విలియం బ్రైట్, అప్పటి కౌన్సిల్ (ఎగువ సభ) అధ్యక్షుడు. కౌన్సిల్లో 6–2, దిగువ సభలో 7–4తో నెగ్గింది. డిసెంబర్ 10న గవర్నర్ జాన్ క్యాంప్‌బెల్ సంతకం పెట్టారు.

అలాగని ఒట్టి ‘ఇచ్చారు’ కూడా నాకు నచ్చదు. అందులో దాతృత్వం ధ్వనిస్తుంది. కొందరు అది న్యాయమని నమ్మిన మాట నిజమే. కానీ ఆడవాళ్లు బాగా తక్కువగా ఉన్న ఆ మారుమూలకి జనాన్ని రప్పించాలన్న ఆశ కూడా ఉంది. నల్లజాతి మగవాళ్లకు ఓటు ఉన్నప్పుడు తన భార్యకు ఎందుకు ఉండకూడదన్నది బ్రైట్ ఆలోచన అంటారు. అందులోని వివక్షను పిల్లలకైనా దాచకూడదు.

పైగా ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలరు. 1871లో శాసనసభ ఆ పనే చేయబోయింది. చట్టం రద్దు బిల్లును క్యాంప్‌బెల్ వీటో చేశారు. ఆ వీటోను తోసిపుచ్చడానికి కౌన్సిల్లో ఒక్క ఓటు తగ్గింది!

చట్టాల్లోని క్రియలే చూడండి. 1869 చట్టంలో 21 ఏళ్ల స్త్రీ ‘ఓటు వేయవచ్చు’. 1889 నాటి రాష్ట్ర రాజ్యాంగంలో స్త్రీ పురుష భేదం వల్ల ఆ హక్కు ‘నిరాకరించరాదు’. అప్పటికి ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా ఓట్లు వేస్తున్నారు. ఎస్తర్ మోరిస్ 1870లోనే మేజిస్ట్రేటుగా తీర్పులు చెప్పారు. అందుకని 1869కి ‘శాసనసభ చట్టం చేసింది’ అనీ, 1890లో రాష్ట్రమైనప్పటికి ‘హక్కు నిలుపుకున్నారు’ అనీ రాయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ‘ప్రతి స్త్రీకీ’ అని రాయొచ్చా?

అదే సభ్యురాలు:
చట్టంలో ఆ మాటే ఉంది. కానీ అక్కడి ఆదివాసీ స్త్రీలలో చాలామందికి 1924 దాకా పౌరసత్వమే లేదు. ఒక వాక్యంలో అదీ చెప్పండి.

ఇంకొకరు:
నన్నడిగితే ఆ చట్టం కింద మొదట ఓటు వేసిన స్త్రీగా చెప్పే లూయిసా స్వెయిన్‌తో మొదలుపెట్టమంటాను. 1870 సెప్టెంబర్ 6 పొద్దున్నే, లారమీ ఊళ్లో, ఈస్ట్ కొనడానికి చేతిలో చిన్న డబ్బాతో బయల్దేరి, దారిలో ఆగి ఓటు వేసింది. ‘వేసింది’ అంటే చాలు, ఏ గొడవా లేదు.

మొదటి సభ్యుడు:
డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దావిడండీ. ‘వేశారు’ అనండి.