వైజాగ్‌లో కిటికీ తెరవాలా, మూసి ప్యూరిఫయర్ పెట్టాలా?

వన్‌టౌన్ వాసి:
ఇంట్లో రెండు పార్టీలండీ. అమ్మ పొద్దున్న ఐదింటికే లేచి "గాలాడని ఇల్లూ ఒక ఇల్లేనా" అంటూ కిటికీలన్నీ బార్లా తీస్తుంది. వెనకే మా ఆవిడ మూసుకుంటూ వస్తుంది. ఆవిడ తప్పూ లేదు. రాత్రి తుడిచిన కిటికీ గట్టు మీద పొద్దున్న వేలు పెడితే కాటుక అంటినట్టే నల్లగా అంటుతుంది. మా వాడికి ఆరేళ్లు, చలికాలం వచ్చిందంటే ఛాతీలో పిల్లికూతలు. పన్నెండు వేలు పోసి ప్యూరిఫయర్ కొని తలుపులు బిగించేద్దామా, అమ్మ మాట విందామా? మొక్కలు పెట్టుకోమని మాత్రం చెప్పకండి. పదకొండు కుండీలున్నాయి.

పెదవాల్తేరు పిన్ని:
సముద్రం పక్కన ఉండి కిటికీలు మూసుకోవడమేంటి బాబూ! మేం ఏసీ వేసుకుని గదిలో ముగ్గురం పడుకుంటే తెల్లారేసరికి తల దిమ్మెక్కిపోయేది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందని సర్వీసుకొచ్చిన అబ్బాయి చెప్పేదాకా నాకు తెలీదు. ఇప్పుడు తలుపు ఓరగా తీసి పడుకుంటున్నాం. మీ అమ్మగారి మాటే నాదీ.

మల్కాపురం కుర్రోడు:
పిన్నిగారూ, మీరు కిటికీ తీస్తే ఉప్పుగాలి, మేం తీస్తే రిఫైనరీ గ్యాసు కంపు. మాకేటి దారి? నేను మిషను కొనీసేను కూడా. దుమ్ము తగ్గింది గానీ కంపు కంపే. డబ్బులు బొక్క.

మనీప్లాంట్ భక్తుడు:
పదకొండు సరిపోవండీ. స్నేక్ ప్లాంట్ పెట్టండి, నాసా వాళ్లే చెప్పారు.

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):
నాసా చెప్పింది 1989లో, అదీ గాలి చొరబడని చిన్న పెట్టెలో మొక్క పెట్టి. మన ఇళ్లలో సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఆ గాలి చేసే పాటి పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 కుండీలు కావాలని 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క తేల్చారు. అన్ని పెడితే మంచం వరండాలో వేసుకోవాలి.

మల్కాపురం బాబూ, నీ మిషను తప్పేం లేదు. దాన్లో ఉండే హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల ధూళిని కూడా 99.97 శాతం పట్టేస్తుంది. కానీ వాసన అంటే వాయువు, అది జల్లెడలోంచి నీళ్లు పోయినట్టు పోతుంది. దానికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనలు పట్టే బొగ్గు కావాలి, అదీ పేరుకి పల్చటి నల్లగుడ్డ కాదు, బరువుగా ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకయింది స్టైరీన్ వాయువు. అలాంటి రోజు మిషన్లు నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు సుమా.

ఇక కిటికీ సంగతి. ఎప్పుడు తీస్తున్నారో చూసుకోండి. మన ఊరు అటు కైలాసగిరి, ఇటు యారాడ కొండ, వెనక సింహాచలం కొండలు, మధ్యలో దొప్పలా ఉంటుంది. చలికాలం రాత్రి గాలి నేల వైపు నుంచి మెల్లగా సముద్రం వైపు జారుతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. పొగా దుమ్మూ కిందే ఉండిపోతాయి. అమ్మగారు కిటికీ తీసే ఐదు గంటలు సరిగ్గా ఆ వేళే. ఎండెక్కి సముద్రపు గాలి తిరిగాక తియ్యండి.

డాబాగార్డెన్స్ డాబా:
మాస్టారూ, బాగానే చెప్పారు గానీ ఎండెక్కేవేళకి ఇంట్లో ఎవరుంటారండీ? ఉద్యోగాలకి పోతాం, బాబు బడికి పోతాడు. వాడు ఆ గదిలో ఉండేది రాత్రి పదిగంటలు, మీరు చెడ్డదన్న వేళే. అందుకే ప్యూరిఫయర్ కొనమంటాను. ఒకే ఒకటి, బాబు పడుకునే గదిలో. హాల్లో పెడితే దండగ. గది పది బై పన్నెండు, ఎత్తు పది అడుగులైతే 34 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి తిరగాలంటే సీఏడీఆర్, అంటే మిషను గంటకి శుభ్రం చేసి ఇచ్చే గాలి, 170 ఘనపు మీటర్లు ఉండాలి. అట్టపెట్టె మీద "ఇన్ని చదరపు అడుగులకి" అని రాసింది చూసి కొనకండి. అయొనైజర్ మీట ఉంటే ఆపెయ్యండి, ఓజోన్ వస్తుంది, అది ఊపిరికి మంచిది కాదు.

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):
రాత్రి విషయంలో మీదే రైటు, ఒప్పుకున్నాను. కానీ కొనేముందు ఒక్క ప్రశ్న. వన్‌టౌన్ బాబూ, దోమలకి ఏం వాడుతున్నారు?

వన్‌టౌన్ వాసి:
దోమల చుట్ట (కాయిల్) వెలిగిస్తాం మాస్టారూ. బాబు మంచం కిందే.

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):
అనుకున్నాను. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లోనే కొలిచి చెప్పారు. బయటి నల్లపొడి కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని తిడుతున్నాం. ఊపిరితిత్తుల అడుక్కి పోయేది కనిపించనంత సన్నది, దాన్ని మంచం కింద మనమే అంటిస్తున్నాం. దోమతెర కట్టండి. పోపు పెట్టేటప్పుడు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యండి. చీపురు మానేసి తడిగుడ్డ పట్టండి. ఆ పిల్లికూతలకి పిల్లల డాక్టరుకి చూపించండి, దానికి ప్యూరిఫయర్ మందు కాదు.

పెదవాల్తేరు పిన్ని:
సాంబ్రాణి కూడా మానేయమంటారేమో!

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):
పొగకి భక్తి తెలీదమ్మా. వేసుకోండి, వేసినంతసేపు కిటికీ తీసి ఉంచండి.

వన్‌టౌన్ వాసి:
వారం తర్వాత రాస్తున్నాను. చుట్ట పోయింది, 450 పెట్టి దోమతెర కొన్నాం. డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. స్నేహితుడి దగ్గర గాలిలో ధూళి కొలిచే చిన్న మీటరు అరువు తెచ్చి చూశాను. బయట లారీలు తిరిగేటప్పటికంటే మా ఇంట్లో మిరపకాయలు వేయించినప్పుడు అంకె ఎక్కువ చూపించింది. మా ఆవిడ ముఖం చూడాలి. అమ్మ కిటికీలు తొమ్మిది దాటాకే తీస్తోంది, సణుక్కుంటూ. ప్యూరిఫయర్ సంక్రాంతి తర్వాత చూద్దామనుకున్నాం, భోగి మంటల పొగకే కావాలేమో మరి. శుక్రవారం సాంబ్రాణి సంగతి మాత్రం నేను ఎత్తను. ధైర్యమున్నవాళ్లు వచ్చి మా అమ్మతో మాట్లాడండి, కాఫీ ఇప్పిస్తాను.