ఫాస్ట్‌బాల్ బాగుందని చెప్పాల్సింది గన్నా, బ్యాటరా?

హాలియా నాన్న
మాది హాలియా దగ్గర పల్లె. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం, నల్లగొండలో హాస్టల్లో ఉంటాడు. ఇదివరకు క్రికెట్ ఆడేవాడు, ఏడాదిగా బేస్‌బాల్‌లో పిచర్‌గా, అంటే క్రికెట్‌లో బౌలర్ లాగా, బంతులు వేస్తున్నాడు. వాళ్ల పీఈటీ సార్ "వీడి ఫాస్ట్‌బాల్‌లో స్పీడుంది గానీ పని చేయట్లేదు" అన్నాడట. వీడేమో బంతి వేగం కొలిచే స్పీడ్ గన్ కొనివ్వమని నా ప్రాణం తీస్తున్నాడు. ఫోన్ కొన్నంత ఖర్చు. అసలు ఫాస్ట్‌బాల్ పని చేయడం అంటే ఏంది? గన్‌తో తెలుస్తుందా? నాకు ఈ ఆట రాదు, తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
కొనివ్వండి అన్నా. ఫాస్ట్‌బాల్ అంటేనే స్పీడు, పేరులోనే ఉంది. అమెరికా మేజర్ లీగ్‌లో అరోల్డిస్ చాప్‌మన్ 2010లో వేసిన బంతి గంటకు 105.8 మైళ్లు, మన లెక్కలో 170 కిలోమీటర్లు. బ్యాటర్‌కు చేరడానికి సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. రెప్ప వేసేలోపు అయిపోయే పని. మీవాడి సార్‌ను అడగండి, "పని చేయట్లేదు" అన్నది ఏ కొలతతో అన్నాడో.

వడిసెల
హాలియా నాన్న గారూ, గన్ వద్దు. ఇరవై రూపాయల నోట్‌బుక్ కొనివ్వండి. నేను ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయినవాణ్ని, సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడించాను.

మీవాడు వేసిన ప్రతి ఫాస్ట్‌బాల్‌కు బ్యాటర్ ఏం చేశాడో రాయమనండి. ఊపి తప్పిపోయాడా? ఊపకుండా వదిలేస్తే స్ట్రైకయిందా, అంటే కొట్టదగ్గ చోటు మీదుగా పోయిందా? ఫౌల్ కొడితే, అంటే బంతి గీత బయటికి పోతే, ఎటు కొట్టాడు? ముఖ్యమైంది ఈ చివరిది. కుడిచేతి బ్యాటర్ కొట్టిన ఫౌల్ కుడివైపు, ఫస్ట్ బేస్ దిక్కు పోతోందంటే బ్యాట్ ఆలస్యంగా వచ్చినట్టు. అంటే మీవాడి బంతి వాణ్ని తొందరపెడుతోంది. ఎడమవైపు, థర్డ్ బేస్ దిక్కు గట్టిగా పోతుంటే వాడు ముందే కాచుకుని కూర్చున్నట్టు. గన్‌లో ఎంత కనబడ్డా ఆ బంతితో లాభం లేదు.

మా నాయన జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాడు. రాయి ఎంత స్పీడుగా పోయిందో ఆయనకు అక్కర్లేదు, పిట్ట లేచిందా లేదా అన్నదే లెక్క.

సూర్యాపేట 65
2003 క్రికెట్ వరల్డ్ కప్‌లో అక్తర్ 161.3 కిలోమీటర్లు వేశాడు. నిక్ నైట్ నింపాదిగా ఆడేశాడు. వికెట్టు లేదు, ఏం లేదు. నా తరఫున ఇంతే.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
65 అన్నా, ఇది క్రికెట్ థ్రెడ్ కాదు. వడిసెల సార్, పిట్టల కథ బాగుంది గానీ, ఎదురుగా నిలబడ్డ బ్యాటర్ చేతకానివాడైతే? మన జిల్లాల్లో బేస్‌బాల్ బ్యాటర్లు ఎంతమంది సార్? వాళ్లందరూ ఆలస్యంగానే ఊపుతారు. అప్పుడు మీ నోట్‌బుక్ నిండా కుడివైపు ఫౌల్సే ఉంటాయి. గంటకు 126 కిలోమీటర్లు మాత్రం ఎవడు నిలబడ్డా 126యే. గన్‌కు బ్యాటర్ ఎవడో తెలియదు.

మిర్యాలగూడ టు డాలస్
ఇద్దరికీ చెరిసగం. 2018నే తీసుకోండి. మేజర్ లీగ్ పిచర్ జోర్డాన్ హిక్స్ ఆ మే నెలలో 105 మైళ్ల బంతి వేశాడు. ఆ సీజన్ మొత్తం 77 ఇన్నింగ్స్‌కు పైగా (ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్) వేసి 70 మందిని స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైకులతో ఔట్ చేశాడు. అదే ఏడాది జాష్ హేడర్ ఫాస్ట్‌బాల్ 95 మైళ్ల చుట్టూనే ఉండేది. 81 ఇన్నింగ్స్‌లో 143 స్ట్రైకౌట్లు. స్పీడు తక్కువ, స్ట్రైకౌట్లు రెట్టింపు.

ఎందుకంటే హిక్స్ వేసేది సింకర్, కిందికి దిగే బంతి. దాన్ని బ్యాటర్లు నేలకు కొడతారు. హేడర్ బంతి వెనక్కి తిరుగుతూ వస్తుంది, దిగాల్సినంత దిగదు. బ్యాటర్ బంతి కింద గాలిని కొడతాడు. 2015 నుంచి అన్ని మేజర్ లీగ్ గ్రౌండ్లలో బంతి కదలికను కొలిచే స్టాట్‌కాస్ట్ ఉంది కాబట్టి ఇవన్నీ బంతి బంతికీ కనిపిస్తున్నాయి. ఎన్ని సార్లు తిరిగింది, ఎంత దిగింది, చేయి ఎంత ముందుకొచ్చి వదిలింది, అన్నీ.

ఆ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. పిచర్ నిలబడే రబ్బరు పలక నుంచి బ్యాటర్ దగ్గరుండే ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. కానీ ఎవడూ రబ్బరు మీద నుంచి బంతి వదలడు, ఆరు అడుగులకు పైగా ముందుకొచ్చి వదులుతాడు. ఇంకో అడుగు ముందుకొస్తే 145 కిలోమీటర్లు వేసేవాడు బ్యాటర్‌కు 147 దాటినట్టు కనబడతాడు. గన్‌లో మాత్రం 145యే.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
అంటే పైకి లేచే బంతి కావాలి. నాది లేస్తుంది. బ్యాటర్ వెనక బంతి పట్టే మా క్యాచర్ ఎన్నోసార్లు చెప్పాడు.

వడిసెల
లేవదు తమ్మీ.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
లేస్తుంది సార్. మీరు చూడలేదు కదా.

వడిసెల
నేను చూడనక్కర్లేదు. మీ క్యాచర్‌కు లేచినట్టు కనబడుతుంది, అంతే.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
కనబడితే చాలదా? కొట్టేవాడికీ కనబడేదే కదా. ఇప్పటిదాకా "బ్యాటర్ ఏమనుకున్నాడో అదే లెక్క" అన్నది మీరే, ఇప్పుడు నిజంగా లేచిందా లేదా అంటున్నదీ మీరే!

గడియారం సెంటర్
ఇది పాయింటే 😄

మిర్యాలగూడ టు డాలస్
95 మైళ్ల బంతి ప్లేటుకు చేరేది సుమారు 0.4 సెకన్లలో. అసలు తిరగకుండా వస్తే ఆ 0.4 సెకన్లలో భూమి దాన్ని రెండున్నర అడుగులు కిందికి లాగుతుంది. వెనక్కి తిరిగే బంతిని గాలి పైకి తోస్తుంది, కానీ దాని బరువును మించి తోయలేదు. మంచి ఫాస్ట్‌బాల్‌కు ఆ తోపు ఒకటిన్నర అడుగుల దాకా ఉంటుంది. మిగిలిన అడుగు దిగుతుంది. బ్యాటర్ కన్ను ఇంకా ఎక్కువ దిగుతుందని అనుకుంటుంది కాబట్టి లేచినట్టు ఉంటుంది. లేవడం లేదు, తక్కువ దిగడం. దీని మీద ఇంక నేను రాయను.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
చేయి పైనుంచి వేసేవాడి సంగతి అది. నేను సైడ్ నుంచి, తక్కువ ఎత్తులో వదులుతాను. కింది నుంచి పైకి వస్తే లేచినట్టు కాదా?

(ఇక్కడ దీని మీదే ఇంకో పదకొండు పోస్టులు నడిచాయి. ఒకరు సీతాఫలం విసిరిన వీడియో కూడా పెట్టారు. లింక్ ఇప్పుడు పని చేయట్లేదు.)

వనపర్తి రైజ్‌బాల్
నేను సాఫ్ట్‌బాల్ పిచర్‌ని. మా బంతికి రైజ్‌బాల్ అని పేరే ఉంది, అది కూడా లేవదు అన్నలారా, వదిలేయండి. నేను చెప్పొచ్చింది వేరే. మా ఆడపిల్లల ఆటలో పిచర్‌కు, ప్లేటుకు మధ్య 43 అడుగులే. నేను 95 కిలోమీటర్లు వేస్తే బ్యాటర్‌కు దొరికే టైము, మీ 60 అడుగుల మీద 133 వేసినప్పుడు దొరికే టైమంత. ఈ లెక్క ఎవరూ వేయరు. స్టేడియంలో మగపిల్లలు గన్ పట్టుకొచ్చి "95ఏనా" అని నవ్వారు. వాళ్లలో ముగ్గురు నా బంతులకు బ్యాట్ తగిలించలేకపోయారు. ఆ గన్ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

వడిసెల
చూశారా. వనపర్తి చెల్లె ఒక్క పోస్టులో తేల్చేసింది.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
ఏం తేల్చింది సార్? ఆమె లెక్కే చెప్పింది. 43, 95, 133, అన్నీ అంకెలే. గన్ లేకపోతే ఆమెది 95 అని ఎట్ల తెలిసేది? మీ నోట్‌బుక్‌లో ఉందా?

వడిసెల
అంకె తెలియడం వేరు, అంకె కోసం బతకడం వేరు. నీలాంటి పిల్లలే గన్ చూసుకుంటూ, ఇవాళ రెండు పెంచుదాం, రేపు రెండు పెంచుదాం అని మోచెయ్యి పోగొట్టుకుంటారు. ఒళ్లు కొవ్వెక్కి చేసే పని అది.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
ఒళ్లు కొవ్వెక్కి? సార్ అని గౌరవమిస్తుంటే ఇదా మాట? ఇక వినండి.

నేను జడ్చర్ల పక్క ఊరివాణ్ని. నాన్న ముంబై పోయి మేస్త్రీ పని చేసి పంపిన డబ్బుతో గ్లవ్ కొన్నాను. ఒక సెలక్షన్‌కు పోయాను. ఎక్కడో, ఎప్పుడో చెప్పను. ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరం పది బంతులు వేశాం. మా దోస్తు గన్ తెచ్చాడు, నాది 126 వచ్చింది. తీసుకున్న పిలగాడిది 112. ఆ పెద్దమనుషుల్లో ఒకాయనకు గన్ చూపిస్తే "అది లోపల పెట్టు, మాకు కళ్లున్నాయి" అన్నాడు. ఆ పిలగాడి మామ ఆయన పక్కనే చాయ్ తాగుతున్నాడు.

మీరు చెప్పే "బ్యాటర్‌ను చూడు, కన్నుతో చూడు" అనేది ఇట్లాంటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మాట. కన్నుకు సాక్షి ఉండడు. 2008లో రింకూ సింగ్, దినేష్ పటేల్ ఎట్ల దొరికారు? ఇద్దరూ యూపీ జావెలిన్ పిల్లలు, బేస్‌బాల్ ముట్టినవాళ్లు కాదు. గన్ పెట్టి చూశారు, రింకూది 87 మైళ్లు వచ్చింది. మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లు తీసుకున్నారు. గన్ లేకుండా పెద్దమనుషుల కన్నే ఉంటే వాళ్ల ఊరి పేరు అమెరికాలో ఎవడికి తెలిసేది?

గడియారం సెంటర్
ఇప్పుడు అసలు సంగతి బయటపడ్డది.

వడిసెల
కోపంలో మాట తూలాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నేను ఏ సెలక్షన్ కుర్చీలోనూ కూర్చోలేదు, ఎవరూ పిలవలేదు కూడా.

మా అక్క కొడుకు గురించి చెప్తా. పదిహేడేళ్లు. ఎవరో గన్ తెచ్చారు. నెల రోజులు రోజూ సాయంత్రం దాని ముందు వేశాడు, అలసిపోయినా వేశాడు, అంకె తగ్గితే ఇంకా గట్టిగా వేశాడు. మోచెయ్యి లోపలివైపు నొప్పని చెప్పలేదు, చెప్తే ఆపేస్తానని. ఇప్పుడు ఆ చేయి పూర్తిగా చాపలేడు. డాలస్ తమ్ముడూ, మీ టీములో కూడా జరిగింది కదా.

మిర్యాలగూడ టు డాలస్
మా టెక్సస్ రేంజర్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్. 185 మిలియన్ డాలర్లు, ఐదేళ్ల ఒప్పందం. 99 మైళ్లు అలవోకగా వేసేవాడు. 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, జూన్‌లో మోచేతికి ఆపరేషన్. తనకది రెండోసారి. వేగం వెంట పడటమే గాయాలకు పెద్ద కారణమని 2024 డిసెంబరులో మేజర్ లీగ్ వాళ్లే నివేదికలో రాశారు. కానీ సార్, వేగం పెరిగితే స్ట్రైకౌట్లు పెరుగుతాయన్నదీ నిజమే. అందుకే ఎవడూ ఆపడు.

వడిసెల
రింకూ, దినేష్ ఇద్దరూ మేజర్ లీగ్ దాకా పోలేదు, అది కూడా రాయి తమ్మీ.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
పోలేదు. కానీ ఊరి బయటికి పోయారు. మేనల్లుడి సంగతి విని బాధేసింది సార్, నిజంగా. కానీ మీకు గన్ చేయి విరగ్గొట్టే వస్తువు. నాకు అబద్ధం చెప్పలేని సాక్షి. ఫాస్ట్‌బాల్ పని చేస్తుందా లేదా అన్నది ఇద్దరం మాట్లాడట్లేదు.

వనపర్తి రైజ్‌బాల్
మొన్నటి నుంచి మాట్లాడనిది అదొక్కటే.

వడిసెల
సరే, ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. ఆ సెలక్షన్‌లో నీ పది బంతులకు బ్యాటర్ ఏం చేశాడు? ఫౌల్స్ ఎటు పోయాయి?

పాలమూరు ఎక్స్‌ప్రెస్
బ్యాటర్ లేడు.

వడిసెల
లేడంటే?

పాలమూరు ఎక్స్‌ప్రెస్
ఎవడూ నిలబడలేదు. నెట్‌కు వేయమన్నారు. క్యాచర్ కూడా లేడు, నెట్‌కు ఎర్ర రిబ్బన్ కట్టారు.

వడిసెల
అరే. అయితే వాళ్లు చూసింది కన్నుతో కూడా కాదు. బ్యాటర్ లేకుండా పిచర్‌ను తీసుకున్నారా! నా నోట్‌బుక్ ఉన్నా ఆ రోజు ఒక్క అక్షరం రాసేవాణ్ని కాదు. ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
మీరు అడగలేదు. "లేవదు తమ్మీ" అన్నారు.

సూర్యాపేట 65
😂😂

హాలియా నాన్న
అందరికీ నమస్కారం. రాసినవన్నీ మావాడికి చదివి వినిపించాను. గన్ సంగతి తర్వాత చూద్దాంలే అన్నాను. వాడు ఒకటి అడగమన్నాడు. వాళ్ల జట్టులో పిచర్లు ఇద్దరు, ప్రాక్టీసులో ఎదురుగా నిలబడటానికి ఎవరూ రావట్లేదట, బంతి తగులుతుందని భయం. హెల్మెట్ ఒక్కటే ఉంది, అది కూడా బుగ్గ దగ్గర పగిలింది. దీనికేం చేయాలి?

వడిసెల
ఏ సైజు? నా దగ్గర పాతవి రెండున్నాయి. దేవరకొండ నుంచి బస్సులో పంపిస్తా, మీవాణ్ని బస్టాండుకు రమ్మనండి.

పాలమూరు ఎక్స్‌ప్రెస్
ఆదివారం నేను వచ్చి నిలబడతా అన్నా. నేను బ్యాటింగ్ కూడా చేస్తాను. గన్ మాత్రం తెస్తా, సార్ ఏమన్నా సరే.